పలుకలేని బిడ్డకు శస్త్రచికిత్స: ధర్మవిచారము

బిడ్డకు జబ్బు చేసినప్పుడు తల్లిదండ్రులు వైద్యుని ఆశ్రయించుట సహజధర్మము. అందు విచారింపవలసిన దేమియు లేదు. కాని జబ్బు లేని అవయవమును, బిడ్డకు ఏ బాధయు కలిగింపని అవయవమును, సాకుట సులభమగునను కారణముచేత తీసివేయించవచ్చునా? మాట రాని, నడక రాని, తన దేహమునకు ఏమి జరుగుచున్నదో ఎరుగని బిడ్డ విషయమున ఈ ప్రశ్న వచ్చినప్పుడు ధర్మము మిక్కిలి సూక్ష్మమగును. అడుగునది తల్లి. ఆ తల్లి చేతులమీదనే ఆ బిడ్డ బ్రతుకుచున్నది. కావున తీరికగా కూర్చుండి తీర్పు చెప్పువారి ధోరణి ఇచట పనికిరాదు.

ఖరగపూరు వంటి రైల్వే పట్టణమున ఈ ప్రశ్న మరింత బరువెక్కును. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల కుటుంబములు కర్మాగారములోను, షెడ్డులలోను, బండ్లమీదను పనికై వచ్చి అచ్చట స్థిరపడినవి. తరములు గడచినను ఇంట తెలుగే వినవచ్చును. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము తెలుగునకు అధికారభాషాస్థానము కల్పింప నిర్ణయించినప్పుడు అందరి నోట వచ్చిన పేరు ఈ ఊరిదే. అట్టి చోట ఒక కుటుంబమును ఊహింపుడు. తండ్రికి ఒక వారము పగటి డ్యూటీ, ఒక వారము రాత్రి డ్యూటీ. క్వార్టరులో రెండు గదులు. పుట్టినప్పుడు ఊపిరి అందక మెదడు దెబ్బతిన్న ఆడబిడ్డ. వైద్యులు సెరిబ్రల్ పాల్సీ అనిరి. మూడేండ్లప్పుడు తల్లి ఆ బిడ్డను చంకనెత్తుకొని ఆసుపత్రికి పోయినది. పదేండ్లకు ఎత్తలేకపోవుచున్నది. పదునాలుగేండ్లకు ఏమగునో తలచుకొన్న నిద్ర పట్టదు. అత్తగారు, ఆడపడుచులు, అక్కచెల్లెండ్రు శ్రీకాకుళము దగ్గరి పల్లెలో నున్నారు. ఇక నెలసరి మొదలగునన్న దిగులొకటి. పండుగకు వచ్చిన బంధువెవరో, 'గర్భసంచి తీయించివేయుము, ఒక బెంగ తీరును' అనును. అది క్రూరత్వముతో అన్న మాట కాదు, అలసటను చూచి అన్న మాట.

ఈ ఆలోచన లోకమున కొత్తది కాదు. 2004లో అమెరికాలోని సియాటిల్ పిల్లల ఆసుపత్రిలో ఆరేండ్లు దాటిన ఒక బాలికకు, ఆమె తల్లిదండ్రుల కోరికపై, గర్భాశయమును, స్తనములుగా ఎదుగవలసిన మొగ్గలను తొలగించిరి. ఆ పిదప రెండేండ్లకు పైగా స్త్రీహార్మోనును అధికమాత్రలో నిచ్చి, ఎముకల ఎదుగుదలను ముందుగానే ముగియునట్లు చేసిరి. ఆ బాలిక మనసు కొన్ని నెలల శిశువు స్థితిని దాటలేదనియు, దాటబోదనియు వైద్యుల నిర్ణయము. ఆమె చిన్నదిగా, తేలికగా నుండిన ఎత్తుట, స్నానము చేయించుట, తమతోకూడ బయటికి తీసికొనిపోవుట సులభమగుననియు, అదియే ఆమెకు సుఖమనియు తల్లిదండ్రుల వాదము. 2006లో వైద్యులు ఈ విషయమును ఒక వైద్యపత్రికలో ప్రకటించిరి. 2007లో ఆ రాష్ట్రమున వికలాంగుల హక్కులను కాపాడు సంస్థ విచారించి, న్యాయస్థానపు అనుమతి లేక గర్భాశయమును తొలగించుట చట్టవిరుద్ధమని తేల్చినది. ఆసుపత్రియు అందుకు ఒప్పుకొన్నది.

మన దేశమునను ఇట్టిది ఒకటి జరిగినది. అది ఇంకను కఠోరము. 1994 ఫిబ్రవరిలో పూనా సమీపమున శిరూరులోని ప్రభుత్వ శరణాలయమునుండి, బుద్ధివికాసము లేని యువతులను పూనా ససూన్ ఆసుపత్రికి తీసికొనిపోయి, వారిలో పలువురికి గర్భాశయమును తొలగించిరి. నెలసరి శుభ్రతను వారు పాటించుకొనలేరనుట చెప్పిన కారణము. దేశమంతట నిరసన లేచినది. సియాటిల్ బాలికకు ప్రాణముగా చూచుకొను తల్లిదండ్రులైన నుండిరి. శిరూరు యువతులు శరణాలయపు చేతులలో నుండిరి.

ఈ రెంటిని తూచునపుడు మనకు పట్టు కావలసినది ఒక్క ప్రశ్న. ఈ కోత ఎవరికొరకు? తల్లికి నడుము నొప్పి అబద్ధము కాదు. శరణాలయపు ఆయాల శ్రమయు అబద్ధము కాదు. కాని నొప్పి ఒకరిది, కోత మరొకరిది అయినచో దానిని చికిత్స అనుట ఎట్లు? మలమూత్రములను నిత్యము శుభ్రము చేయు చేతికి నెలకు నాలుగు దినముల పని అసాధ్యమని చెప్పుట నమ్మదగినది కాదు. రక్తస్రావము మిక్కుటమై బిడ్డ నీరసించినచో తగ్గించు మందులున్నవి. మందు మానినచో దేహము మరల తన దారికి వచ్చును. తీసివేసిన అవయవము మరల రాదు. మరియొక భయమును తల్లులు గొంతు తగ్గించి చెప్పుదురు: ఎవడైన దుర్మార్గుడు బిడ్డను చెరచినచో? గర్భసంచి లేనంతమాత్రమున దుర్మార్గుడు ఆగడు. గర్భము రాదు కనుక నేరము బయటపడకుండ పోవును, అంతే. కాపలా లేని ఇంట సొమ్ము పోవునని ఇంటికి కిటికీ మూసివేసినట్లు కూడ కాదిది. దొంగ అడుగుజాడలను మనమే తుడిచి పెట్టినట్లు.

ఇక లోతైన ప్రశ్న. 'ఆ బిడ్డకు ఏమియు తెలియదు కదా! తెలియనివారికి అవమానమేమి, నష్టమేమి?' అని కొందరు అడుగుదురు. చదువుకొన్నవారును అడుగుదురు. దీనికి మనవారు సామాన్యముగా అష్టావక్రుని కథ చెప్పుదురు. ఎనిమిది వంకరల దేహముతో పుట్టిన ఆ బాలుడు జనకుని సభలో వందిని జయించెను. అందుచేత దేహపు వంకరను చూచి మనిషిని తూచరాదని తాత్పర్యము. కథ మంచిదే. కాని ఈ ప్రశ్నకు అది చాలదని నా అభిప్రాయము. అష్టావక్రుడు మహామేధావి. దేహమును బట్టి కొలువక బుద్ధిని బట్టి కొలుచుటయే ఆ కథలోని న్యాయమైనచో, బుద్ధియు వికసింపని బిడ్డకు అది తీర్పు కాదు, తిరస్కారమగును. జడభరతుని కథయు అంతే. రహూగణుని పల్లకి మోసిన ఆ మహానుభావుడు జడునివలె కనబడినాడే కాని జడుడు కాడు. మన ఇంటి బిడ్డ లోపల జ్ఞానియై మౌనముగా నున్నదని తల్లికి చెప్పి ఊరడించుట మన వద్దనున్న సత్యమును తక్కువ చేయుటయే.

వేదాంతమున ఇంతకన్న గట్టి ఆధారము కలదు. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు అదే జనకునికి సుషుప్తిని గురించి బోధించినాడు. గాఢనిద్రలో మనసు లేదు, బుద్ధి లేదు, తండ్రినన్న తలపు లేదు, పండితుడనన్న తలపు లేదు. అంతమాత్రమున చూచువాడు నశింపడు. చూడదగిన రెండవ వస్తువు లేకపోవుటయే అచటి విశేషము. మాండూక్యమున ఆ స్థితికే ప్రాజ్ఞుడని పేరు. ఈ బోధను మనము తత్త్వచింతనకు మాత్రమే వాడుకొని మూసి పెట్టుదుము. నిత్యజీవితమున దీని అర్థమేమి? మహాపండితుడును ప్రతిరాత్రి కొన్ని గంటలు తన పాండిత్యమును, తన పేరును కోల్పోవుచున్నాడు. ఆ వేళ ఆయన అవయవమును కోయుటకు ఎవరికైన అధికారమున్నదా? 'ఆయనకిప్పుడు తెలియదు కదా' అనిన ఒప్పుకొందుమా? 'ఆయన లేచును, ఈ బిడ్డ లేవదు' అని ఎదురు చెప్పవచ్చును. కాని ఆయన రేపు లేచుట ఈ రాత్రి ఆయన విలువకు కారణము కాదు. నిద్రలోనే కన్నుమూయబోవు వృద్ధుని విషయమునను మన జవాబు మారదు కదా. బుద్ధి ఆత్మకు ఉపాధి మాత్రమే. ఉపాధి పూర్తిగా తెరచుకొన్నను, సగము మూసికొన్నను, లోపలి క్షేత్రజ్ఞుడు సగము కాడు.

అంతేకాక 'ఏమియు తెలియదు' అనుమాట తరచు చూడనివారి మాట. ఇట్టి బిడ్డను సాకిన ఏ తల్లినైన అడుగుడు. తన అడుగుల చప్పుడు వినిన బిడ్డ కన్నులు తిరుగును. నీళ్లు వెచ్చగానున్న ముఖము మారును. కొత్తవారు ఎత్తిన ఒళ్లు బిగుసుకొనును. భాష లేదు, అంతే. ఇష్టానిష్టములు లేకపోలేదు.

ఇంకొక అడ్డంకి మన మతమువారినుండియే వచ్చును: 'పూర్వజన్మ కర్మ. అనుభవింపవలసినదే.' 1897లో స్వామి వివేకానందులు కలకత్తాలో నున్నప్పుడు గోరక్షణసభవారి ప్రచారకుడొకడు చందా కొరకు వచ్చెను. మధ్య హిందూస్థానమున కరవు వచ్చి జనులు చచ్చుచున్నారు, వారికేమైన చేసితిరా అని స్వామి అడిగిరి. అది వారి కర్మఫలమని అతడు జవాబిచ్చెను. అట్లైన గోవులు కసాయివాని చేత పడుటయు వాటి కర్మయే, మీ సభ ఏల అని స్వామి నిలదీసిరి. కర్మసిద్ధాంతము నా కష్టమును నేను ఓర్చుకొనుటకు చెప్పబడినది. ఎదుటివాని కష్టమును చూచి నేను చేతులు ముడుచుకొనుటకు కాదు. తల్లి ముఖముమీద 'ఏ జన్మ పాపమో' అనువారికి ఆ జన్మ వృత్తాంతము ఎవరు చెప్పిరి?

దయ చాలదా యనిన, శ్రీరామకృష్ణుల మాట స్మరింపదగును. 1884లో దక్షిణేశ్వరమున జీవులయెడ దయ అను విషయము వచ్చినప్పుడు, దయ చూపుటకు మనమెవరమని ప్రశ్నించి, జీవుని శివుడని ఎరిగి సేవింపవలెనని వారు చెప్పిరి. ప్రక్కనే వినుచుండిన నరేంద్రుడు ఆ మాటలో అడవిలోని వేదాంతమును ఇంటికి తెచ్చు దారిని చూచెను. దయకును సేవకును భేదము మన విషయమున స్పష్టముగా కనబడును. దయతలచువాడు పైనుండును. తనకు తోచిన మేలును చేయును. బిడ్డను తన వీలునకు తగినట్లు కురచ చేయుటకును దయ అనియే పేరు పెట్టవచ్చును. సేవించువాడు సేవ్యుని కొలతకు తన్ను మార్చుకొనును. దేవుని విగ్రహము బరువుగానున్నదని ఊరేగింపునకు విగ్రహమును కోయుదుమా? మోయువారిని ఇంకొక నలుగురిని పిలుతుము.

ఇంత చెప్పినందున శస్త్రచికిత్సయే కూడదని ఎవరును గ్రహింపరాదు. కండరములు బిగిసి తొడ ఎముక కీలు తొలగుచున్నచో, దానిని సరిచేయు శస్త్రము బిడ్డ నొప్పిని పోగొట్టును. కూర్చుండబెట్టుటకు వీలగును. మింగలేక ప్రతి ముద్దయు ఊపిరితిత్తులలోనికి పోవుచున్నచో కడుపులోనికి గొట్టము అమర్చుట ప్రాణదానమే. మూర్ఛలకు మందులు క్రమముగా వాడుట, బిగువు తగ్గించు సూదులు వేయించుట, ఇవన్నియు బిడ్డకొరకే. ఇట్టివానిని 'ఎట్లును బాగుపడదు కదా' యని మానిపించుట మరియొక అధర్మము. నిమోనియా వచ్చిన మామూలు బిడ్డకు ఇచ్చు మందును ఈ బిడ్డకు 'ఎందుకులే' అని ఈయకుండుట కోతకన్న తక్కువ దోషము కాదు. సుశ్రుతుడు రోగిని కన్నకొడుకువలె చూడుమని వైద్యునికి విధించెను. మూత్రాశయములోని రాతిని తీయు ప్రమాదకరమైన శస్త్రమును చెప్పునపుడు, చేయకున్న చావు తప్పదు కనుకను, చేసినను ఫలము సందేహమే కనుకను, అధికారిని అడిగి అనుమతి పొందిన తరువాతనే చేయవలెనని నియమించెను. తూనికకు ఒకవైపు మరణము నిలిచిన చోట కూడ ఆ ప్రాచీనవైద్యుడు అడుగుమన్నాడు. ఇంకొకవైపు సౌకర్యము మాత్రమే నిలిచిన చోట ఏమనెడివాడో ఊహింపవచ్చును.

ఆశను అమ్ముకొను చికిత్సలును కలవు. ఖరగపూరు మీదుగా దక్షిణమునకు పోవు బండ్లలో వెల్లూరునకు, చెన్నపట్టణమునకు వైద్యమునకై పోవువారు నిత్యమును కనబడుదురు. మంచి వైద్యము కొరకు దూరము పోవుట తప్పు కాదు. కాని మూలకణములు ఎక్కించి మెదడును బాగుచేయుదుమని లక్షలు తీసికొనువారున్నారు. రక్తసంబంధమైన కొన్ని వ్యాధులకు తప్ప మూలకణ ప్రయోగము పరిశోధనగానే జరుగవలెననియు, దానిని చికిత్సగా అమ్మరాదనియు 2017 నాటి జాతీయ మార్గదర్శకములు చెప్పుచున్నవి. భవిష్యనిధి సొమ్మును తీసి బిడ్డ వెన్నులో సూది పొడిపించుటకు ముందు తండ్రి ఈ సంగతి తెలిసికొనవలెను. మరణము నిశ్చయముగా సమీపించినపుడు, బాధను పొడిగించుటకు మాత్రమే పనికివచ్చు యంత్రములను వద్దనుటయు హత్య కాదు. 2018లో సుప్రీంకోర్టు దానికి మార్గము చూపి, 2023లో ఆ మార్గమును సులభతరము చేసినది. అందు వైద్యమండలుల అభిప్రాయమును, దగ్గరివారి సమ్మతియు కావలెను. వైకల్యము మరణము కాదు. ఈ రెంటిని కలుపుట వలననే అనేక దోషములు జరుగుచున్నవి.

చట్టము ఏమనుచున్నదో కూడ చూతము. 2009లో సుప్రీంకోర్టు, చండీగఢ్ ప్రభుత్వ శరణాలయములోని ఒక యువతి విషయమున, ఆమె మేలు మాత్రమే ప్రమాణము కావలెననియు, సంరక్షకుల వీలు, సమాజపు అభిప్రాయము ప్రమాణములు కారాదనియు తీర్పు చెప్పినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇంకను ముందుకు పోయినది. సంతానశక్తిని పోగొట్టు ఏ వైద్యక్రియయు వికలాంగునికి అతని స్వేచ్ఛాపూర్వకమైన, తెలిసి ఇచ్చిన సమ్మతి లేక చేయరాదని పదవ ప్రకరణము విధించుచున్నది. సమ్మతి ఆ వ్యక్తిదే కావలెను. తల్లిదండ్రుల సంతకము చాలునని అందు లేదు. గర్భాశయమునకే ప్రాణాపాయకరమైన వ్యాధి వచ్చినచో అది వేరు సంగతి. అప్పుడు కోత వ్యాధికి.

సంతకమును గురించి ఖరగపూరు తెలుగు తల్లులకు ఒక మాట ప్రత్యేకముగా చెప్పవలెను. వైద్యుడు బంగాళీలోనో హిందీలోనో చెప్పును. కాగితము ఇంగ్లీషులో నుండవచ్చును. బజారునకు సరిపడు బంగాళీ వచ్చినంతమాత్రమున శస్త్రచికిత్స వివరములు అర్థము కావు. భర్త డ్యూటీలో నుండగా చూపించిన చోట వ్రేలు పెట్టిన అది తెలిసి ఇచ్చిన సమ్మతి కాదు. 'ఈ కాగితము తెలుగు వచ్చినవారిచేత చదివించి రేపు ఇత్తును' అని చెప్పుటకు భయపడనక్కరలేదు. అత్యవసరము కాని ఏ శస్త్రమునకును ఒక దినము ఆలస్యము ప్రమాదము కాదు. చేయనిచో బిడ్డకు, బిడ్డకే, ఏమి నష్టము? తరువాత మార్చుకొన వీలున్నదా? కోత లేని ఉపాయమేదైన చూచితిరా? ఈ ప్రశ్నలకు జవాబు రానిదే సంతకము చేయరాదు.

ఇక అసలు భారము. 2016లో చిత్తూరు జిల్లా తంబళ్లపల్లె న్యాయస్థానమునకు ఒక పేద దంపతులు పోయి, కాలేయవ్యాధితో నున్న తమ పసిబిడ్డకు మరణమును అనుగ్రహింపుడని వేడుకొనిరి. అట్టి ఆజ్ఞ ఆ న్యాయస్థానము ఈయలేదు. వార్త పత్రికలలో వచ్చినది. ప్రభుత్వము ఖర్చు భరింప ముందుకు వచ్చినది. చెన్నైలో కాలేయమార్పిడి జరిగినది. ఆ బిడ్డ జబ్బు వేరు, మన విచారములోని వైకల్యము వేరు. అయినను ఒక సంగతి గమనింపుడు. న్యాయస్థానపు గుమ్మములో వారు అడిగినది మరణము. వారికి లేనిది డబ్బు. అట్లే గర్భసంచి తీయించవలెనను తల్లి అడుగునది శస్త్రము. ఆమెకు లేనిది మరి రెండు చేతులు, ఒక రాత్రి నిద్ర, తన తరువాత బిడ్డ గతి ఏమన్న ప్రశ్నకు జవాబు.

వీనిలో కొన్నింటికి దారులున్నవి. తెలియక వాడుకొనువారు తక్కువ. బరువైన బిడ్డను నడుము విరుగకుండ ఎత్తు పద్ధతిని ఫిజియోథెరపీ వారు ఒక పూటలో నేర్పుదురు. చక్రములమీద మంచమునుండి కుర్చీకి మార్చు సాధనములున్నవి. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము సెరిబ్రల్ పాల్సీ, ఆటిజము, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యములు గలవారికొరకు ఏర్పడినది. బిడ్డకు పదునెనిమిది నిండిన పిమ్మట సంరక్షకుని నియమించు స్థానిక సంఘము జిల్లా మేజిస్ట్రేటు అధ్యక్షతన నుండును. ఆ ట్రస్టువారి నిరామయ బీమా లక్షరూపాయల వరకు వైద్యవ్యయమును భరించును. వికలాంగబిడ్డను సాకు కేంద్రప్రభుత్వోద్యోగిని మామూలు బదిలీలనుండి మినహాయించు ఉత్తరువు 2014లో వెలువడినది. పాత పింఛను పద్ధతిలోనున్న రైల్వే ఉద్యోగి మరణించిన పిదప, సంపాదించుకొనలేని వికలాంగసంతానమునకు వయసుతో నిమిత్తము లేక కుటుంబపింఛను వచ్చును.

తోటివారు చేయగలిగినదియు కలదు. ఆదివారము భజనకు ఆ తల్లి రాలేదని గమనించినవారు ఇద్దరు, భజన విడిచియైనను, ఆ క్వార్టరునకు పోయి రెండు గంటలు బిడ్డ వద్ద కూర్చుండవచ్చును. ఆమె నిద్రపోవును. ఇద్దరిలో ఒకరికి పింఛను కాగితములు వ్రాయుట వచ్చినచో మరియు మంచిది. తండ్రి ఉద్యోగములో నుండగానే బిడ్డ వైకల్యధ్రువపత్రము తీసికొని, కుటుంబసభ్యుల పట్టికలో పేరు వ్రాయించి, నకలు ఇంట దాచుకొనవలెను. తండ్రి పోయిన తరువాత ఈ పని చేయుట తల్లికి మిక్కిలి కష్టము.